రోడ్డు మీద ఎవరూ వెళ్లలేదు

పోయిన వారం మసీనాను చేతిలో లుంగీతో వంటపాక గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. లోపల తమ్ముడు ఫెరేటి పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతూ కూనిరాగం తీస్తున్నాడు. వాడికింకా ఏమీ తెలియదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. సవాయి దీవి పడమటి కొసన ఫాగవాయి అనే ఊళ్లో, సముద్రం ఒడ్డున మసీనాకు ఆరు పాకలున్నాయి. యాత్రికులు దిగుతారు, పోతారు. పదకొండు నెలల క్రితం బెల్జియం నుంచి యోరిస్ అనే ఇరవై రెండేళ్ల కుర్రవాడు వచ్చి మూడో పాకలో దిగాడు. అయిదో రోజు సాయంత్రం కనబడకుండా పోయాడు. ఫోను మసీనా ఇంట్లో చార్జింగుకు పెట్టి ఉంది. తువ్వాలు ఇసుక మీద ఉంది. సాయంత్రం ప్రార్థనకు శంఖం ఊదాక ఆ ఊళ్లో ఎవరూ రోడ్డు మీద నడవకూడదు, మగవాళ్లు కాపలా ఉంటారు. ఆ సాయంత్రం రోడ్డు మీద ఎవరూ వెళ్లలేదని ఊరు ఊరంతా ఒక్క మాటగా చెప్పింది. రోడ్డెక్కకపోతే నీళ్లలోకే దిగి ఉండాలి కదా. తొమ్మిది రోజులు సముద్రం గాలించారు, చెప్పు ముక్క కూడా దొరకలేదు. ఇప్పుడు కుర్రవాడి తల్లి మార్లేన్ రెండోసారి వచ్చి అదే మూడో పాకలో ఉంటోంది. కొడుకు మునిగిపోయాడని రాసిన కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చింది. పోలీసాయన ఆ కాగితం పట్టుకుని రేపు పొద్దున్న తొమ్మిదింటికి వస్తాడు. సంతకం పడితే కేసు మూసేస్తారు.

ఇక లుంగీ. పక్క ఊరి సూలియా మొన్న అరటిపళ్లు మూటకట్టి తెచ్చిన గుడ్డ అది. చుట్టుపక్కల నాలుగూళ్లకు లుంగీల మీద అచ్చు వేసేది మసీనాయే. ఈ గుడ్డ అంచు వెంబడి తాబేళ్లున్నాయి. ప్రతి నాలుగో తాబేలుకూ ఎడమ కాలు లేదు. అచ్చుచెక్క అక్కడ పగిలింది మరి. ఆ చెక్కతో ఒకే ఒక్క లుంగీ వేసి, విసుగొచ్చి చెక్కను పొయ్యిలో పెట్టేసింది. ఆ కుంటి తాబేళ్ల లుంగీని ఫెరేటికి ఇచ్చింది.

"వచ్చావా అక్కా! నిలబడి చూస్తావేం, ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు ఫెరేటి తలెత్తకుండానే. "శనివారం నుంచి నన్నిలా కొబ్బరి కోరమంటే కుదరదు. పెద్దమనిషినైపోతాను. కూర్చుని, 'ఆ కోకో చల్లారిపోయిందేమర్రా' అని కేకలెయ్యడమే నా పని."

వాడికి నలభై నిండాయి. ఇంటి బిరుదు ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది. తనకంటే చిన్నవాళ్లు పెద్దలై సభలో స్తంభాలకు ఆనుకుని కూర్చుంటే, వీడు వాళ్లకు వడ్డించి, వాళ్లు తిన్నాక తిన్నాడు. శనివారం ఆ బిరుదు వీడి మీద పెడతారు. నెలరోజులుగా ఇల్లంతా అదే హడావిడి.

మసీనా లుంగీని వాడి ముందున్న కొబ్బరిచిప్పల మీద పరిచింది.

ఫెరేటి చూశాడు. చేతిలోని చిప్పను కోరుతూనే రెండుసార్లు తిప్పాడు, మూడోసారి చెయ్యి ఆగిపోయింది.

"ఇదేమిటి?" అన్నాడు.

"నువ్వే చెప్పు. నీ నడుముకు ఉండేది."

"ఏమో అక్కా. సముద్రంలో కొట్టుకుపోయిందని చెప్పానుగా."

"చెప్పావు. ఏ రోజు చెప్పావో కూడా గుర్తుంది. కాపలా దిగి ఇంటికి నిక్కరుతో వచ్చావు. 'లుంగీ ఏ పిల్ల లాక్కుందిరా' అని నేను వేళాకోళం చేశాను. వదినలందరూ పడీపడీ నవ్వారు. నువ్వు మాత్రం నవ్వలేదు. ఆ మర్నాడేగా కుర్రాడు కనబడటం లేదని నేను గోల పెట్టింది?"

ఈ దీవిలో తమ్ముడనేవాడు అక్క ముందు గొంతు పెంచడు, అక్క సూటిగా అడిగితే అబద్ధం ఆడడు. పిల్లలకు మాటలు నేర్పినట్టే ఇదీ నేర్పి పెంచుతారు. అందుకే మసీనా ఈ పదకొండు నెలల్లో వాడిని సూటిగా ఒక్క ప్రశ్న కూడా అడగలేదేమో, ఆవిడకే తెలియాలి.

"ఫెరేటీ, నా మొహం చూసి చెప్పు. ఆ కుర్రాడు నీకు కనబడ్డాడా?"

"కనబడ్డాడు," అన్నాడు ఫెరేటి.

మసీనా పొయ్యి పక్క రాళ్ల మీద చతికిలబడింది.

"మరి రోడ్డు మీద ఎవరూ వెళ్లలేదని..."

"రోడ్డు మీద వెళ్లలేదక్కా. అది అబద్ధం కాదు." వాడు కోరుపీట దిగి నేల మీద కూర్చున్నాడు, ఆవిడ కంటే కిందుగా. "నేను పడమటి చివర కాపలా ఉన్నాను. మొదటి శంఖం ఊదేశారు. అందరూ ఇళ్లలోకి వెళ్లిపోయారు. వీడు మెళ్లో కెమెరా వేసుకుని, నిక్కరుతో, రోడ్డు మధ్యన ఈలేసుకుంటూ వస్తున్నాడు. కొసన సూర్యుడు నీళ్లలో దిగడం చూడాలట. ఆగు బాబూ, మూడో శంఖం దాకా కూర్చో, ప్రార్థన వేళ నడవకూడదు అన్నాను. అప్పటికి సూర్యుడు ఉండడుగా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"కూర్చోబెట్టాల్సింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాల్సింది!"

"అక్కడే తప్పు చేశాను. అప్పటికే నీ దగ్గర దిగినవాళ్లు రెండుసార్లు ప్రార్థన వేళ రోడ్డు మీద తిరిగారు. మూడోసారి తిరిగితే నీ పాకలు మూయించేస్తామని సభలో అన్నారా లేదా? వీడు వినేలా లేడు. రెండో శంఖం ఊదబోతున్నారు. అందుకని రోడ్డు వదిలేసి తోటల వెనక దారిన పొమ్మన్నాను. ఆ దారి పాస్టరు గారి ఇంటి వెనకనుంచి పోతుంది కదా, ఆయన కంట నిక్కరుతో పడితే బాగుండదని నా లుంగీ విప్పి నేనే కట్టాను. బాగా కట్టాను, జారిపోకుండా. థాంక్స్ చెప్పి, రేపు తెచ్చిస్తానన్నాడు."

తోటల వెనక దారి ఎక్కడికి పోతుందో మసీనాకు తెలుసు. చేమతోటలు దాటగానే నల్లరాతి బీడు వస్తుంది. ఎప్పుడో కొండ పొంగి పారి గడ్డకట్టిన రాయి. పైకి చదునుగా ఉంటుంది, కింద డొల్ల. ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎక్కడ వేస్తే పెచ్చు విరిగి గుంటలోకి పోతామో ఊరివాళ్లకు చిన్నప్పటినుంచీ తెలుసు కాబట్టి ఒకరికి చెప్పాలని ఎవరికీ తోచదు. ఫెరేటికీ తోచలేదు.

"గుంటల సంగతి చెప్పావా?"

"లేదు. గుర్తే రాలేదక్కా. మనవాడికి చెప్పినట్టు 'అటు పో' అన్నాను, అంతే."

"మర్నాడైనా ఎందుకు చెప్పలేదురా! పోలీసులు వచ్చారు, పడవలు వచ్చాయి, నేను గుండెలు బాదుకుంటున్నాను. నీ కళ్లముందేగా!"

"సభలో లెవాసా గారు కాపలావాళ్లందర్నీ నిలబెట్టి అడిగారు. రోడ్డు మీద ఎవరైనా వెళ్లారా అని. నా వంతు వచ్చింది. రోడ్డు మీద వెళ్లలేదన్నాను. తోట దారి సంగతి చెబుదామని నోరు తెరిచేలోపే ఆయన పోలీసుల వైపు తిరిగి, 'మా ఊరి మాట ఇదీ, ఆ సాయంత్రం ఎవరూ నడవలేదు' అనేశారు. గ్రామపెద్ద నోటి నుంచి వచ్చాక ఊరి మాటకు అడ్డం మాట్లాడతానా? నన్నొక్కణ్ణే కాదు, నిన్నూ పిల్లల్నీ కూడా ఊరవతలికి పొమ్మంటారు."

మసీనాకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన కొబ్బరిచిప్ప విసిరింది. అది ఫెరేటి భుజానికి తగిలి పొయ్యిలో పడింది. వాడు కదలలేదు. విసిరాక ఆవిడకే ఏడుపొచ్చింది.

"ఊరికే కూర్చోలేదక్కా," అన్నాడు ఫెరేటి. "ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకుంటారు కదా. నేను తాడు పట్టుకుని బీడులోకి వెళ్లేవాణ్ణి."

ప్రతి ఆదివారం చేమతోట చూసొస్తానని పోయి, మోకాళ్లు గీరుకుని వచ్చేవాడు. దేవుడి రోజున తోటపనేమిట్రా అని ఆవిడే చీవాట్లు పెట్టింది.

"పద్నాలుగు గుంటలు దిగాను. ఇంకా ఎనిమిదున్నాయి. ఇది ఏ గుంటలో దొరికింది? ఎవరు దిగారు? వాడు... వాడు కూడా ఉన్నాడా?"

మసీనా కళ్లు తుడుచుకుంది. వాడు ఇన్నాళ్లూ ఏమనుకుంటూ తిరిగాడో అప్పుడర్థమైంది. ఆ కుర్రవాణ్ణి తన చేత్తో చంపానని అనుకుంటూ తిరిగాడు. అలా అనుకుంటూనే నవ్వాడు, కొబ్బరి కోరాడు, బిరుదు కోసం ఎదురుచూశాడు.

"గుంటలో కాదురా దొరికింది," అంది. "బీడు దాటాక, అవతల. వాన పడుతుంటే సూలియా ఒక రేకుల పాకలో తలదాచుకుందట. దూలం మీద ఉందట ఇది. ఉతికి, నాలుగు మడతలు పెట్టి ఉందట."

ఫెరేటి లుంగీని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మడతల గుర్తులు ఇంకా పోలేదు. ఎక్కడా చిరుగు లేదు, మరక లేదు. తిరిగి ఇవ్వాల్సిన గుడ్డను మర్యాద తెలిసినవాళ్లు ఎలా మడుస్తారో అలా మడిచి ఉంది.

"అయితే దాటాడు," అన్నాడు మెల్లగా. "అక్కా, వాడు దాటాడు! గుంటలో పళ్లేదు!" లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మోచేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడు అలా ఏడవడం మసీనా వాళ్లమ్మ పోయినప్పుడు చూసింది, మళ్లీ ఇప్పుడే.

ఏడుపు తగ్గాక వాడు ఉన్నట్టుండి తలెత్తాడు.

"ఏ పాక అక్కా? సూలియా ఏమంది?"

"వానతొట్టి ఉన్న రేకుల పాక అంది. ఏం?"

"సరిగ్గా విన్నావా? తొట్టి ఉందా?"

"సిమెంటు తొట్టి. అందులో కాళ్లు కడుక్కున్నానని కూడా చెప్పింది. ఎవరిదిరా అది?"

"అటువైపు తొట్టి ఉన్న పాక ఒక్కటే," అన్నాడు ఫెరేటి. "లెవాసా గారిది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరి మాట ఇదీ అని పోలీసులకు చెప్పినాయన. శనివారం పదిమందిలో ఫెరేటి పేరు పిలిచి బిరుదు పెట్టాల్సినాయన.

"ఆయనకు తెలియకపోవచ్చు," అంది మసీనా. "తోటపాక. ఎవరైనా వచ్చిపోతుంటారు."

"అవును, తెలియకపోవచ్చు," అన్నాడు ఫెరేటి. ఇద్దరూ ఆ మాట నమ్మలేదు.

"అక్కా, ఒక్క మాట. ఇవాళ బుధవారం. మూడు రోజులు ఆగుదాం. శనివారం గడవనీ. బిరుదు వచ్చాక సభలో కూర్చునే హక్కు ఉంటుంది, అప్పుడు నేనే లేచి చెబుతాను. ఇప్పుడు చెబితే నా మాట ఎవడు వింటాడు?"

వాడన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. మసీనా ఆలోచించింది కూడా. కానీ ఆవిడ కూర్చున్న చోటునుంచి మూడో పాక కనబడుతోంది. మార్లేన్ మెట్టు మీద కూర్చుని ఉంది. గెంట్ అనే ఊళ్లో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం ఆవిడది. వచ్చి ఆరు రోజులైంది. ఆరు రోజులూ పొద్దున్నించి సాయంత్రం దాకా సముద్రం వైపు మొహం పెట్టి కూర్చుంటోంది, అన్నం తినమంటే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది.

"రేపు తొమ్మిదింటికి ఆవిడ సంతకం పెడుతుంది," అంది మసీనా. "పెట్టాక నీ మాట విని ఎవడొస్తాడు వెతకడానికి? నీ బిరుదు శనివారం దాకా ఆగుతుంది. ఆవిడ ఆగలేదు."

ఆవిడ లేచి పెద్దింట్లోకి వెళ్లింది. పెట్టె తెరిచి, తల్లి నేసిన పెద్దచాప బయటికి తీసింది. పట్టుచీరంత మెత్తన, అంచుకు ఎర్ర ఈకలు. దాన్ని నెయ్యడానికి తల్లికి రెండేళ్లు పట్టింది. శనివారం సభలో పరచాలని దాచిన చాప అది. తెచ్చి తమ్ముడి ఒళ్లో పెట్టింది.

ఫెరేటికి చెప్పక్కర్లేకపోయింది. ఆ చాప రెండింటికే ఇంటి బయటికి వస్తుంది, గౌరవానికి ఒకసారి, తప్పు ఒప్పుకోవడానికి ఒకసారి.

"లెవాసా గారికి చెప్పకుండానా? ఆయన ముందు నడవాలి కదక్కా. ఆయన లేకుండా చాప కప్పుకుని ఇఫోగాకు కూర్చుంటే..."

"ఆయన సంగతి ఆయన చూసుకుంటారు. నీ తప్పుకు నువ్వు కూర్చో."

ఫెరేటి చాప వంక చాలాసేపు చూశాడు. "కోకో కేకలు లేనట్టే అయితే," అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా మార్లేన్ లేచి పాక తడిక పైకెత్తేసరికి ఎదురుగా ఇసుకలో ఒక మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. తల మీదనుంచి నడుం దాకా చాప కప్పి ఉంది. మొహం కనబడటం లేదు. మసీనా మెట్టు పక్కన కాఫీ కప్పుతో నిలబడి ఉంది.

"మసీనా, ఎవరితను? ఏమైంది అతనికి?"

"నా తమ్ముడు. మీకు తప్పు చేశాడు. మా పద్ధతి ఇది. మీరు క్షమించి చాప తీసేదాకా అలాగే ఉంటాడు. తియ్యకపోతే ఎండలో అలాగే ఉంటాడు. తిట్టండి, రాయి పెట్టి కొట్టండి, ఎవరూ మీ చెయ్యి పట్టుకోరు." గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. దాచలేదు, వాడి వైపు మాట్లాడలేదు. లెవాసా పాక సంగతి కూడా చెప్పింది.

మార్లేన్ మెట్టు మీద కూర్చుంది. తరవాత అడిగిన ప్రశ్నలు చిన్నవి.

"బూట్లు వేసుకున్నాడా?"

మసీనా తమ్ముణ్ణి అడిగింది. చాప కింద నుంచి జవాబు వచ్చింది. "వేసుకున్నాడు. గోధుమరంగువి."

"నీళ్లు ఉన్నాయా వాడి దగ్గర?"

"సీసా ఉంది. సగం."

"నవ్వుతూ వెళ్లాడా?"

"నవ్వుతూనే వెళ్లాడు."

మార్లేన్ మసీనా తెచ్చిన లుంగీని ఒళ్లో పెట్టుకుని మడతల మీద వేళ్లు రాసింది. "ఇలా మడవడం నేనే నేర్పాను," అంది. "ఇరవై రెండేళ్లొచ్చినా వాడి బట్టలు నేనెందుకు మడవాలని పోట్లాడి నేర్పాను." ఆ తరవాత ఆవిడ గొంతు గట్టిపడింది. "పోయినసారి పదహారు రోజులు, ఈసారి ఆరు. ఇన్నాళ్లూ సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాను మసీనా. వెనక్కి తిరిగి కొండ వైపు చూడాల్సింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు నాకు."

"తీస్తారా చాప?"

"ఉండనీ," అంది మార్లేన్. "కాసేపు ఉండనీ."

ఉంచింది. కాఫీ తాగింది. ఎండ కొబ్బరిచెట్ల మీదకు వచ్చింది. ఊళ్లో వార్త పాకినట్టుంది, రోడ్డు మీద ఒక్కొక్కరే వచ్చి దూరంగా నిలబడుతున్నారు. ఎనిమిదిన్నరకు ఆ గుంపు రెండుగా చీలింది.

లెవాసా వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. చేతికర్ర, తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసిన లుంగీ. పోలీసాయనకు ఎదురెళ్లడానికి తయారైనట్టున్నాడు. ఇప్పుడు అరుస్తాడు, లేవరా అంటాడు, తమ్ముడు లేస్తాడు, ఇక అంతా అయిపోయినట్టే అనుకుంది మసీనా. అడ్డంగా నిలబడదామని ఒక అడుగు ముందుకు వేసింది.

ముసలాయన ఆవిణ్ణి చూడలేదు. మార్లేన్ ఒళ్లోని లుంగీని చూశాడు. చాలాసేపు దాన్నే చూశాడు. తరవాత కర్రను ఇసుకలో పడుకోబెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మూలుగుతూ ఫెరేటి పక్కన కూలబడ్డాడు. చాప అంచు ఎత్తి తన తల మీదకు కూడా లాక్కున్నాడు.

రోడ్డు మీద ఒక ముసలమ్మ కెవ్వుమంది. చాప కింద ఇప్పుడు రెండు తలలున్నాయి.

"ఈయనెందుకు కూర్చున్నారు?" మార్లేన్ లేచి నిలబడింది. "ఊరి పెద్ద కాబట్టా? ఊరి తరఫునా?"

అవునన్న మాట మసీనా నోటిదాకా వచ్చింది. ఊరి తరఫున పెద్దలు కూర్చోవడం ఉన్నదే. కానీ ఈలోగా చాప కింద నుంచి, ఊరి భాషలో, లెవాసా గొంతు వినబడింది. సభలో మోగే గొంతు కాదది, మామూలు ముసలివాడి గొంతు.

"పిల్లవాడి మీదనుంచి చాప తీసెయ్యమని చెప్పమ్మా మసీనా. వీడు దారి చూపించాడు, అంతే. నా మీదనుంచి మాత్రం తియ్యొద్దను. నేను చెప్పేది విన్నాక తియ్యాలో వద్దో ఆవిడే చూసుకుంటుంది."

తూర్పున మలుపులో పోలీసు జీపు హారను మోగింది.

"ఏమంటున్నారు?" అంది మార్లేన్. మసీనా భుజం పట్టుకుని కుదిపింది. "మసీనా! ఆయన ఏమంటున్నారు?"